ఊట చుట్టూ ఇరవయ్యొక్క రాళ్ళు

నాకు కోపం ఎక్కువ. ముప్పయ్యేళ్ళకు పైగా పంతులమ్మగా పనిచేసినదాన్ని కనుక ఆ కోపానికి ఒక హోదా కూడా వచ్చేసింది. పిల్లలు భయపడతారు, పెద్దలు సర్దుకుపోతారు, నేనేమో నేననుకున్నదే సరైనదని ముందుకు పోతుంటాను. చాలాసార్లు అది సరైనదే అవుతుంది కూడా. ఈ ఒక్కసారి కాలేదు.

మాది అరకు లోయ అంచున, కాఫీ తోటల నడుమ, పాతిక గడపల ఊరు. ఊరికి పైన, సిల్వర్ ఓక్ చెట్లు మొదలయ్యేచోట, కొండ పగులులోంచి ఊట వస్తుంది. ఆ నీళ్ళు ఒక రాతి తూములోంచి కిందికి దూకి, వంపుగా పేర్చిన రాళ్ళ మధ్య చిన్న మడుగుగా నిలిచి, అక్కణ్ణుంచి కింద పారే గెడ్డలో కలుస్తాయి. మడుగు చుట్టూ ఉన్న రాళ్ళు ఇరవయ్యొకటి. ఒక్కొక్కటీ కూర్చునే పీట అంత ఉంటుంది. ప్రతి రాయి నడుమా ఒక గుండ్రటి పల్లం. ఎన్నో తరాల ఆడవాళ్ళు బిందెను ఆ రాయి మీద పెట్టి, ఇసుకా బూడిదా చల్లి, తిప్పుతూ తిప్పుతూ తోమగా రాయి అలా అరిగింది.

మా ఊళ్ళో ఒక్కో రాయి ఒక్కో ఇంటిది. అది అత్త నుంచి కోడలికి వస్తుంది. కొత్తకోడలు కాపురానికి వచ్చిన మర్నాడే అత్త ఆమెను ఊట దగ్గరికి తీసుకెళ్ళి, ఇదమ్మా మన ఇంటి రాయి అని చూపిస్తుంది. ఎప్పుడైనా ఆ రాయిని కదిపి తిరిగి పెట్టాల్సి వస్తే ఆ ఇంటి ఆడమనిషి బిందె పట్టుకుని పక్కన నిలబడాలి. అన్నదమ్ములు వేరుపడితే ఇద్దరి భార్యలూ ఒకే రాయి పంచుకుంటారు. ఆడపిల్లలకు మాత్రం రాయి లేదు. రేపో మాపో పెళ్ళయి వేరే ఊరి నీళ్ళకు పోయేవాళ్ళే కదా అని.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది ఇక్కడ అనవసరం. ఆరేళ్ళకే నన్ను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. ఆ తర్వాత చదువు, ఆ తర్వాత ఉద్యోగం. రాజవొమ్మంగిలో కొన్నేళ్ళు, అడ్డతీగలలో చాలా ఏళ్ళు. నాన్న ముందు పోయాడు, నేను అడ్డతీగలలో ఉండగా అమ్మ పోయింది. నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. రిటైరయ్యాక వచ్చి అమ్మ ఇల్లే బాగుచేయించుకుని ఉంటున్నాను. హాస్టల్లో కుళాయి ఏ గోడకుందో ఇప్పటికీ చెప్పగలను కానీ, ఊట దగ్గర మా అమ్మ ఎక్కడ నిలబడేదో నాకు గుర్తులేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నెత్తిమీద ఊట పెట్టుకుని, సంత ఊరినుంచి ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను కొనుక్కు తాగే మనిషి మా ఊళ్ళో నేనొక్కదాన్నే. హాస్టల్ కడుపు, పచ్చి నీళ్ళు పడవని చెప్పేదాన్ని. ఊట బాగుచేద్దాం రండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది కూడా నేనే. వెనక నవ్వుకున్నారని నాకు తెలుసు. నవ్వుకుంటే నవ్వుకోనీ, పనికి వచ్చారు కదా.

మొదట పదిమందిమి. సంత మర్నాడు ఎవరికీ పెద్ద పని ఉండదు కనుక ఆ రోజు పెట్టుకున్నాం. ఊటకు వెళ్ళే బాట వెంట తుప్పలు కొట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు పారేసిన బిస్కెట్ కవర్లూ సీసాలూ గోనెల్లో ఎత్తాం. తూముకి పట్టిన నాచు గీకితే, నీళ్ళు నోట్లోంచి దూకేటట్టు ఎప్పుడో ఎవరో చెక్కిన చేప బొమ్మ బయటపడింది. ఆ చేపను చూసి మేమంతా ఎంత సంబరపడ్డామో చెప్పలేను. పుట్టి పెరిగినవాళ్ళకు కూడా అక్కడ చేప ఉందని తెలియదు. ఆ తర్వాత వారానికి పదిమంది ఇరవై అయ్యారు.

కానీ నీళ్ళే తగ్గిపోతున్నాయి. మాఘం దాటేసరికి తూములోంచి వేలెడు ధార కూడా రావడం లేదు. అప్పుడే మండలం నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చారు. ఊటకు కాంక్రీటు ట్యాంకు, నాలుగు కుళాయిలు శాంక్షనయ్యాయని చెప్పారు. మరి ఈ రాళ్ళో అని అడిగితే, పునాది కిందికి పనికొస్తాయండీ అన్నారు, మంచి మాట చెప్పినట్టు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే నిలబెట్టి పావుగంట పాఠం చెప్పాను. పాపం ఆయన మర్యాదస్తుడు, మొత్తం విన్నారు.

"మేడమ్, నాకు ఊళ్ళో నీళ్ళు రావాలి, అంతే. మీరు తెప్పిస్తే సరే. లేకపోతే నేను తెప్పిస్తాను," అన్నారు చివరికి.

వచ్చే సంత మర్నాటి దాకా గడువిచ్చారు. అప్పటికి రాళ్ళు వాటి చోట ఉండి, మడుగు నిండి ఉంటే ట్యాంకు కిందవాడకు మార్చేస్తారు. లేకపోతే ఆ రోజే పని మొదలు. సరే చూసుకోండి, ఒక్క రాయి కూడా పక్కకు పోదు, నాదీ పూచీ అని ఊరందరి ముందూ అనేశాను. అనడంలో నాకెప్పుడూ ఆలస్యం లేదు.

మడుగు వెనక ఉన్న మేడిచెట్టు వేరు రాళ్ళ కిందుగా చొరబడి ఊటదారిని మూసేసిందని, నాకు వరసకు చిన్నాన్న అయ్యే ఆయన కొడుకు, తమ్ముడు వరస, ముందే కనిపెట్టాడు. కాఫీ తోటల్లో రాతికట్టలు కట్టడంలో వాడి చెయ్యి పేరున్నది. వేరు తియ్యాలంటే రాళ్ళు తియ్యక తప్పదన్నాడు. అప్పుడు మా పెద్దమ్మ అడ్డం పడింది. ఊళ్ళో ఆడవాళ్ళందరిలోకీ పెద్దది, మా అమ్మకు వరసకు తోటికోడలు. రాళ్ళు కదిపే ముందు ఇంటింటి ఆడవాళ్ళనీ బిందెలతో పిలవాలి, ఎవరి రాయి వాళ్ళు చూసుకుంటారు అంది. సగంమంది తోటపనికి, సగంమంది అడవిలో చింతపండుకి పోయిన రోజులు. వాళ్ళందర్నీ పోగు చెయ్యడానికే వారం పడుతుందన్నాను. నంబర్లు వేస్తే సరిపోతుంది పెద్దమ్మా, ఈ కాలంలో ఎక్కడైనా ఇలాగే చేస్తారు అన్నాను. ఆవిడ మూతి విరిచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

రంగుతో వేద్దామన్నాడు తమ్ముడు. పాతరాయి మీద రంగు వేస్తావా, బుద్ధుందా అని కసిరాను. నా సంచిలో సుద్దముక్కలు ఎప్పుడూ ఉంటాయి, అలవాటు. నాచు మీద సుద్ద పట్టదు కనుక రాళ్ళన్నీ శుభ్రంగా గీకించాను. గీకేముందు ఫోనులో ఫొటోలు తీశాను. నోటుబుక్కులో పటం గీశాను. ఆ తర్వాత ఒక్కో రాయి మీదా నేనే నంబరు వేశాను. నాది ఎడమచేతి వాటం. రాసుకుంటూ పోతుంటే చెయ్యి రాసినదాని మీదే పాకుతుంది, అందుకని కొన్ని అంకెలు అలుక్కుపోయి మళ్ళీ వేయాల్సి వచ్చింది. చిన్నప్పుడు హాస్టల్లో ఆ చేతికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కలేదు, అయినా అది మారలేదు.

రాళ్ళు మోసి సిల్వర్ ఓకుల కింద వరసగా పెట్టాం. వేరు నరికి, ఏళ్ళనాటి బురద తోడాం. సాయంత్రమయ్యేసరికి ఎర్రనీళ్ళు, కాసేపటికి తేటనీళ్ళు బుసబుసా వచ్చాయి. అందరం ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. అంత సంతోషం నాకు ఉద్యోగంలో కూడా ఎప్పుడూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన పడింది. కాఫీకి పువ్వు రావాలంటే ఆ నెలలో ఒక మంచి వాన పడాలి. ఊరు ఊరంతా ఆ వానకోసం ఎదురుచూస్తోంది. చినుకులు మొదలవగానే వాకిళ్ళలోకి వచ్చి ఆకాశానికి దండం పెట్టారు. నేనొక్కదాన్నే గొడుగు పట్టుకుని, చీర ఎగ్గట్టి, ఆ బాట వెంట పరుగు. ఏటమ్మా ఎక్కడికి అంటే చెప్పడానికి ఊపిరి లేదు. వెళ్ళేసరికి ఇరవయ్యొక్క రాళ్ళూ తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా ఒక్క అంకె లేదు.

పటం ఉంది, రాళ్ళు ఉన్నాయి, ఈ రెంటికీ సంబంధం లేదు. సరే, ఫొటోలున్నాయి కదా అని ఫోను తీశాను. ఫొటోల్లో ఉన్నవి పచ్చటి నాచురాళ్ళు. నా ఎదురుగా ఉన్నవి నేనే దగ్గరుండి గీకించిన నున్నటి నల్లరాళ్ళు. ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు. ఆ వానలో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఏ పిల్లవాణ్ణీ ఎప్పుడూ తిట్టలేదు.

రెండు రోజులు నేనూ తమ్ముడూ ఎలాగో కుదర్చాలని చూశాం. రాయిమీద రాయి ఆనదు. ఒకచోట సరిపోయిందనుకుంటే పక్కది పొడుచుకొస్తుంది. సందుల్లోంచి నీళ్ళు కిందికి పోయి మట్టిని కూడా లాక్కుపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే చేప తూము కూడా కూలుతుందక్కా అన్నాడు వాడు. ఇంజనీరు గారు రావడానికి మూడు రోజులుంది. ఇక దారి ఒక్కటే.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, నాలుగు కాయలు ఒలిచి, తప్పు నాదే పెద్దమ్మా అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అని ఎన్నేళ్ళయిందో. ఆవిడ తల ఎత్తలేదు. సుద్దతో రాసినావంట గదా అంది. అవునన్నాను. వోనలో పెట్టినావంట గదా అంది. అవునన్నాను. ఇంక నవ్వు ఆపుకోలేక గింజల చేట పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు.

"బిందెలట్టుకుని రమ్మని సెప్పు అందర్నీ. పాతియి. పలాస్టిక్కుయి కాదు," అంది నవ్వు అయ్యాక.

ఈసారి ఒక్కరూ పని వంక చెప్పలేదు. అటకల మీంచి, ధాన్యపు గాదెల వెనకనుంచి పాత ఇత్తడి బిందెలు దిగాయి. ఒకామె బిందెలో కోడి పొదుగుతోందట, గుడ్లతో సహా దాన్ని బుట్టలోకి మార్చి మరీ తెచ్చింది. సంత రోజు ఎవరూ సంతకు పోలేదు. పొద్దున్నే అందరూ మడుగు చుట్టూ చేరారు.

ముందు ఎవరి చోట వాళ్ళు నిలబడండి అంది పెద్దమ్మ. అంతే. వాళ్ళు ఆలోచించలేదు, వెతుక్కోలేదు. రోజూ నీళ్ళకొచ్చినట్టే వచ్చి నిలబడ్డారు. మోచేయి మోచేయి తగిలే దూరంలో, బురదలో వంపుగా ఒక వరస ఏర్పడిపోయింది. పాత గొడవలు కూడా వాళ్ళతోపాటే వచ్చి నిలబడ్డాయి. నువ్వెప్పుడూ నా కాళ్ళమీద బూడిదనీళ్ళు ఒంపేదానివి అని ఒకామె అంటే, నువ్వు నీ చోటు దాటి వచ్చేదానివి అని రెండో ఆమె అంది. నా నోటుబుక్కు మూసి సంచిలో పెట్టేశాను.

ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్ళి తమ బిందెను రాళ్ళ పల్లాల్లో ఆనించి చూశారు. ఒక రాతిలో బిందె కదులుతుంది, ఇంకోదాంట్లో వంగుతుంది. తనదైన రాతిలో మాత్రం కుదురుగా కూర్చుంటుంది. ఇదీ మాది అనగానే మగవాళ్ళు ఆ రాయి ఎత్తి ఆమె కాళ్ళముందు పెట్టేవాళ్ళు. తమ్ముడు దాన్ని సర్ది, కింద సన్నరాయీ బంకమట్టీ కూరేవాడు. రాయి పక్కన రాయి ఎంత బాగా అతుక్కుందంటే, రెండు రోజులు మేం పడిన పాట్లు తలుచుకుని సిగ్గేసింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇరవై రాళ్ళు కుదిరాయి.

ఒక్కటి మిగిలింది. పెద్దమ్మ రాయికి ఎడమపక్కన ఒక్క చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ నిలబడలేదు. మడుగులో చేరిన నీళ్ళన్నీ ఆ సందులోంచే పోతున్నాయి. తమ్ముడు మిగిలిన రాయిని తెచ్చి అక్కడ పెట్టాడు. మిగతా రాళ్ళలాగే, పల్లం లోతుగా అరిగినవైపు కుడికి వచ్చేటట్టు పెట్టాడు. కుదరలేదు. ఎత్తి మళ్ళీ పెట్టినా కుదరలేదు.

ఇది ఎవరిదని అడిగాను. ఒకామె బిందె అంచు గోటితో గీకుతోంది, ఇంకొకామె చెట్లవైపు చూస్తోంది. చివరికి ఎవరో, ఆ ఇంటికి కోడలు లేదమ్మా అన్నారు మెల్లగా. సాయంత్రమవుతోంది. తెల్లారితే ఇంజనీరు గారు. కాఫీ షెడ్డు కట్టగా మిగిలిన సిమెంటు కొంచెం ఉందక్కా, ఈ ఒక్క సందూ పూసేద్దామా అన్నాడు తమ్ముడు.

ఈ మాట రాయకుండా వదిలెయ్యొచ్చు. వదలను. కాంక్రీటు వద్దని ఊరంతటికీ పాఠాలు చెప్పిన నేనే, "ఎవరూ లేని ఇంటి రాయే కదా, పూసెయ్యి," అన్నాను.

వాడు కదలలేదు. నావైపు కూడా చూడలేదు. పెద్దమ్మ తన చోటునుంచి ఒక అడుగు పక్కకు వేసి ఆ ఖాళీలో నిలబడింది.

"ఎవులదో తెలిసే అంటన్నావా?"

తెలియదన్నాను.

"మీయమ్మది."

అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు. ఆ ఇంటికి ఎవరూ లేరని నా మొహమ్మీద చెప్పలేక అందరూ ఊరుకున్నారు. నేనేమో నా నోటితో నేనే మా అమ్మ రాతికి సిమెంటు పూసెయ్యమన్నాను.

పెద్దమ్మ వంగి ఆ రాతి పల్లంలో అరచెయ్యి పెట్టి తడిమింది. అందరి రాళ్ళూ కుడివైపు లోతుగా అరిగాయనీ, ఇదొక్కటే ఎడమవైపు అరిగిందనీ తమ్ముడికి చూపించింది. మీయమ్మది ఎడంసేతి వాటం, తెలీదేటి నీకు అని నన్నడిగింది. తెలియదు. మా అమ్మ అన్నం పెట్టిన చెయ్యి ఏదో కూడా నాకు గుర్తులేదు. నా ఎడమచెయ్యి ఎవరిదో నాకు ఎవరూ చెప్పలేదు. దానిమీద దెబ్బలు మాత్రం కొట్టారు.

తమ్ముడు రాయిని సగం తిప్పి దించాడు. కుదిరేట్టే ఉంది. కానీ చెయ్యి తీసెయ్యకుండా ఆగాడు. ఇంటి ఆడమనిషి బిందెతో నిలబడందే రాయి కూర్చోబెట్టకూడదు. వెనకనుంచి ఒకామె, ఆడపిల్లకు రాయి ఉండదు కదా అంది. తప్పుగా అనలేదు, ఆచారం అదే.

"ఉద్యోగానికెల్లింది, వొచ్చింది. పెల్లయి వొకూరెల్లిందేటి ఈ గుంట? ఇంటికి ఆడది కావాల, అంతే," అంది పెద్దమ్మ.

అరవై దాటినదాన్ని, తల నెరిసినదాన్ని, నన్ను చిన్నపిల్లను అన్నట్టు గుంట అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు.

నాకు బిందె లేదు. మా అమ్మ బిందెను ఆవిడ పోయిన ఏడాదే సంతలో పాతసామాన్ల షావుకారుకి ఇచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకున్నాను. ఆ మాట కూడా అందరి ముందూ చెప్పాను. పెద్దమ్మ తన బిందె నా చేతిలో పెట్టింది. నేను వెళ్ళి ఆ రాయి ముందు గొంతుక్కూర్చున్నాను. ఇసుక చల్లారు. తోమమన్నారు. బిందెను కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో తోమాను. ఆ చెయ్యి ఎటు పోవాలో రాతికి ముందే తెలుసు. అరిగిన పల్లం వెంటే నా చెయ్యి తిరిగింది, ఎక్కడా తట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా, అందరి ముందూ, ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. తమ్ముడు రాయి వదిలి కింద బంకమట్టి కూరాడు. నీళ్ళు పోవడం ఆగింది.

మర్నాడు ఇంజనీరు గారు వచ్చేసరికి మడుగు నిండి, తూములో చేప నోట్లోంచి నీళ్ళు దూకుతున్నాయి. ఆ వానకు కాఫీ కూడా పూసేసింది. కొండంతా తెల్లగా, వాసన ముంచెత్తుతూ ఉంది. ఆయన చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, దోసిలితో రెండుసార్లు తాగారు. ట్యాంకు కిందవాడకు రాసేస్తానండీ అన్నారు. ఎలా కుదిర్చారు మేడమ్, నంబర్లు వేశారా అని అడిగారు. వేశానండీ అన్నాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారంలోనే ఒక ఇత్తడి బిందె కొన్నాను. కొత్తది, ఆ పల్లంలో ఇంకా సరిగ్గా కూర్చోదు. నేను ఉన్నన్నాళ్ళూ తోమితే కూర్చుంటుందేమో. పెద్దమ్మ తెల్లారకముందే మా వాకిట్లో నిలబడి, ఏటే, ఇంకా లెగలేదా, బేగి రా అని కేకేస్తుంది. హాస్టల్ కడుపు సంగతి ఆవిడ దగ్గర చెల్లలేదు.

ఆ నెల నీళ్ళ టిన్నుల ఆటో వచ్చి మా గుమ్మం ముందు చాలాసేపు హారన్ కొట్టిందట. పక్కింటివాళ్ళు చెప్పారు. నేను ఇంట్లో లేను, మా రాయి దగ్గర ఉన్నాను.